ఆషాఢంలో లెక్కపెట్టిన పడవలు

కాలువ గట్టు మీద నన్ను ఐదు నిమిషాలు ఒకచోట నిలబెట్టడం ఇంతవరకు ఎవరివల్లా కాలేదు. ఇప్పటికీ భవానీపురం నుంచి బెంజ్ సర్కిల్ దాకా ఏదో పనిమీద వెళ్తూ, దారిలో కాలువ వంతెన వచ్చిందంటే నా కాళ్లు ఊరుకోవు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేస్తాను. ఎవరో తప్పిపోయారేమోనని వెతుక్కునే మనిషిలా కనిపిస్తానట. మా మనవరాలు "తాతయ్యా, నీ కాళ్లల్లో చక్రాలున్నాయా" అని అడుగుతుంది. చక్రాలు లేవు. ఒక పాత లెక్క ఉంది. దాన్ని ఇన్నేళ్లూ ఇంట్లో ఒక్క మనిషికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఈమధ్య ఇంజనీరింగు ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రవాళ్లిద్దరు మా ఇంటికి వచ్చారు. ఏదో రోడ్డు మీద బళ్లు లెక్కపెట్టి తెచ్చిన కాగితాలు చూపించి, "లెక్క పక్కాగా ఉందండీ, ఇక ఎవరూ కాదనలేరు" అన్నారు. నాకు చిరాకేసింది. ఏ రోజుల్లో లెక్కపెట్టారని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాఫీ ఇచ్చి పంపేశాను గాని మనసు ఊరుకోలేదు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. చదివి నన్ను తిట్టుకుంటే తిట్టుకోండి. నాకు అలవాటే.

యుద్ధం జరుగుతున్న రోజులు. బెజవాడకు దిగువన, ఒక కాలువ మీద ఉన్న లాకుకు నన్ను ఓవర్సీరుగా వేశారు. ఉద్యోగం టెంపరరీ. పెళ్లి మాత్రం పర్మనెంటుగా అదే వేసవిలో అయింది. లాకు అంటే తెలియని వాళ్లకు ఒక్క ముక్కలో చెబుతాను. కాలువ ఒకచోట మెట్టు దిగినట్టు కిందికి దిగుతుంది. అక్కడ పడవ దూకలేదు కదా. అందుకని రెండు జతల పెద్ద తలుపులు కట్టి, మధ్యలో పడవను నిలిపి, నీళ్లు నింపో, తీసో, దాన్ని ఎక్కిస్తారు, దించుతారు. నా లాకుకు మైలు దిగువన ఒక నేతవాళ్ల ఊరు ఉంది. పేరు చెప్పను. అక్కడ ఏ వీధిలోకి వెళ్లినా నేలలో గుంట మగ్గాలు, గుమ్మాల ముందు గంజి పెట్టి చాపిన పడుగులు. బజారులో బట్టల కొట్లు.

ఆ ఊరి ప్రాణం పడవల్లో ఉండేది. నేను అతిశయం చెప్పడం లేదు. అప్పట్లో నూలుకు కంట్రోలు. బెజవాడ డిపోలో పర్మిట్ చూపించి గడువులోగా బేళ్లు ఎత్తుకోవాలి. గడువు దాటితే ఆ విడత నూలు లేనట్టే, నూలు లేకపోతే మగ్గం పడుకున్నట్టే. పెట్రోలు దొరకదు. బస్సులు వెనకాల బొగ్గు కుంపటి తగిలించుకుని దగ్గుతూ తిరిగేవి. వానాకాలంలో ఆ ఊరి రోడ్డు మీద ఎద్దుల బండి కూడా ఇరుసు దాకా దిగబడేది. దిగబడనిది పడవ ఒక్కటే. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. తెలుసుకోవలసింది ముందు.

లాకు దగ్గర ఒక లస్కరు ఉండేవాడు. తలుపులు తీసేదీ వేసేదీ అతనే. నా తండ్రి వయసు. చదువు లేదు. తన పాక పక్కనున్న సామాన్ల గది గోడ మీద, దాటిన ప్రతి పడవకూ బొగ్గుతో ఒక గీత గీసేవాడు. పున్నమికీ అమావాస్యకీ అడ్డంగా ఒక గీత. గోడంతా గీతలే. నేను చేరిన మొదటి రోజే ఆ గోడ చూసి మొహం చిట్లించాను.

"ఏంటిది, గవర్నమెంటు గోడ కదా? సున్నం కొట్టించు."

"పడవలండీ బాబుగారూ" అన్నాడు లస్కరు.

"పడవలు కాలువలో ఉంటాయి. గోడ మీద కాదు."

నాకు నేను చాలా తెలివిగా మాట్లాడానని అనిపించింది. అతను సున్నం తేవడానికి వెళ్లాడు. మర్నాటికల్లా గోడ తెల్లగా మెరిసిపోయింది. మళ్లీ ఒక్క గీత గీయలేదు.

కాలువలు వదిలిన కొద్ది రోజులకు పైనుంచి ఒక కాగితం వచ్చింది. లాకు దిగువ తలుపులు పుచ్చిపోతున్నాయి, యుద్ధం వల్ల టేకు దొరకడం లేదు, అసలు ఈ లాకు మీద పడవల రాకపోకలు ఏపాటివో రానున్న మూడు నెలల్లో మీకు అనువైన పదిహేను రోజులు లెక్కించి తెలియజేయవలసింది, అని. 'మీకు అనువైన' అన్న ఆ ఒక్క మాట నా కొంప ముంచింది.

నాకు అనువైన రోజులేవి? ఆషాఢం వస్తోంది. కొత్త పెళ్లికూతురు అత్తవారింట ఉండకూడదని మా ఆవిడను మంగళగిరి పుట్టింటికి తీసుకుపోయారు. అత్తా అల్లుడూ ఒక గడప దాటకూడదు కాబట్టి నేను అక్కడికి వెళ్లడానికీ లేదు. నెల రోజులు ఒంటరిగా ఆ గట్టు మీద ఏం చేయాలి? పడవలు లెక్కపెట్టాలి. శ్రావణంలో ఆవిడ తిరిగి వచ్చాక తెల్లవారకముందే లేచి లాకు మీద కాపలా కూర్చునే ఉద్దేశం నాకు లేదు. ఎవరికుంటుంది?

లస్కరు ఆ మాట విని తల గోక్కున్నాడు.

"ఆషాఢంలో లెక్కేందండీ బాబుగారూ? శ్రావణం రానివ్వండి. పడవల కింద కాలవ కనపడదు."

"నీకు తెలియదులే. గవర్నమెంటు పని వాయిదా వేయకూడదు" అన్నాను.

పదిహేను రోజులూ పొద్దుట చీకటితో లేచి, నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని, ముసురులో గొడుగు కింద కూర్చున్నాను. లెక్కలో దొంగతనం ఏమీ చేయలేదు. భోజనానికి లేచినప్పుడు కూడా లస్కరును కూర్చోబెట్టాను. వచ్చిన పడవలు రెండు చేతుల వేళ్లకు సరిపోయాయి. అందులో ఒకటి ఖాళీది. ఇంకొకటి గడ్డి మోపులది. 'రాకపోకలు నామమాత్రం' అని, గుండ్రటి అక్షరాలతో, కింద రెండు గీతలు కొట్టి రిపోర్టు రాసి పంపాను. నా చేతిరాత బాగుంటుందని బడిలో అందరూ మెచ్చుకునేవారు. దాని సంగతి తర్వాత వస్తుంది.

శ్రావణంలో మా ఆవిడ వచ్చింది. వచ్చిన మూడో రోజున నేను గొప్పగా నా లెక్క గురించి చెప్పాను. ఆవిడ చీరల ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి. కూర తరుగుతున్నదల్లా ఆగి నా మొహంలోకి చూసింది.

"ఆషాఢంలోనా?"

"అవును."

"ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, పేరంటాలుండవు. కొత్త చీర ఎవరు కొంటారండీ? కొనేవాళ్లు లేకపోతే కొట్టువాళ్లు బేళ్లు పంపుతారా? పడవవాళ్లు కూడా నాట్లకి పొలాల్లోకి పోతారు. మా ఊళ్లో చిన్నపిల్లనడిగినా చెబుతుంది." తర్వాత ఆవిడకు నవ్వు ఆగలేదు. "నేను ఇంట్లో లేనందుకే కాలవలో పడవలు కూడా లేవు. ఆ మాటా రాయాల్సింది."

నేను నవ్వలేదు. లేచి గట్టు మీదికి వెళ్లాను. లాకు పైన పడవలు బారులు తీరి ఉన్నాయి. నూలు బేళ్లవి, రంగు డబ్బాలవి, కిరసనాయిలువి. కింద నుంచి ఎక్కడానికి బట్టల మూటల పడవలు కాచుకుని ఉన్నాయి. లస్కరు తలుపుల మధ్య పరుగులు పెడుతున్నాడు. నన్ను చూసి ఏమీ అనలేదు. ఏమైనా అని ఉంటే బాగుండేదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

ఒక కార్డు ముక్క రాసి పడేస్తే సరిపోయేది. 'నా లెక్క పనికిరాని నెలలో జరిగినది, మళ్లీ లెక్కించడానికి అనుమతించవలెను.' అంతే. మూడుసార్లు రాసి మూడుసార్లు చింపాను. టెంపరరీ ఓవర్సీరు తన రిపోర్టు తప్పని తానే రాసుకుంటే ఉద్యోగం ఉంటుందా? ఏమో, పైవాళ్లు ఆ కాగితం చూడకుండానే కట్టకట్టి అటక మీద పడేస్తారేమో. అలా నన్ను నేను జోకొట్టుకుంటూ వచ్చాను. కాని కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, నిలబడితే నిలబడబుద్ధి కాదు. కాళ్లకు ఆ జబ్బు పట్టింది అప్పుడే.

మాఘంలో ఆర్డరు వచ్చింది. ఓవర్సీరు రిపోర్టును బట్టి రాకపోకలు నామమాత్రం కాబట్టి, వచ్చే వేసవిలో కాలువ కట్టేసినప్పుడు లాకుకు అడ్డంగా ఇటుక గోడ కట్టేయాలి. పొలాలకు నీరు పక్కనున్న తూముల నుంచి పోతుంది, దానికి ఢోకా లేదు. పడవలు మాత్రం ఇక ఉండవు. కట్టించవలసిన మనిషిని నేనే.

ఆ వారంలోనే ఊళ్లోంచి ఇద్దరు పెద్దమనుషులు మా ఇంటికి వచ్చారు. ఒకాయన బట్టల షావుకారు, బజారులో అందరికంటే పెద్ద కొట్టు ఆయనదే. రెండో ఆయన నేతవాళ్ల పెద్ద. వేళ్ల చివర్లు పోగు లాగి లాగి నున్నగా అరిగిపోయిన ముసలాయన. లస్కరు వాళ్లను వెంటబెట్టుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఎవరో మహానుభావుడు ఆషాఢమాసంలో పడవలు లెక్కేశాడంటండీ" అన్నాడు షావుకారు తీరిగ్గా చుట్ట ఆర్పి పక్కన పెడుతూ. "దాన్ని బట్టి మా కాలవకి గోడ కట్టేస్తారంట. అర్జీ పెట్టుకుందామని వచ్చాం. మాకు ఇంగ్లీషు రాదు. తమరు రాసిపెట్టాలి."

గుమ్మం వైపు చూశాను. లస్కరు పైకప్పు వాసాలు చూస్తున్నాడు. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మా ఆవిడ వింటోంది.

"నేను ఉద్యోగిని. నేను రాయకూడదు గదండీ" అన్నాను.

"తమరి పేరు రాదు లెండి. వేరే ఎవరి చేతనైనా సాపు రాయించి, మా సంతకాలు పెట్టి పంపుతాం."

అప్పుడు నేతవాళ్ల పెద్ద అందుకున్నాడు. "నాకు ముగ్గురు కొడుకులండి బాబూ. మూడు మగ్గాలు. పోయిన కార్తీకంలో పడవ రెండు రోజులు ఆలస్యమైతే పర్మిట్ గడువు దాటిపోయింది. మగ్గాలు దింపేసి పెద్దాడు బెజవాడ స్టేషన్లో మూటలు మోశాడు. తిరిగొచ్చాడు గాని, వాడి చేతులు ఇప్పుడు పోగుకి లొంగట్లేదు. గోడ కడితే మిగతా ఇద్దరూ అదే దారండి."

రాశాను. నా రిపోర్టు మీద నేనే అర్జీ రాశాను. కోపంగా రాశాను కూడా. 'ఆషాఢమాసపు స్వభావం తెలియని వ్యక్తి ఎవరో' అన్నచోట కలం కాగితాన్ని చింపినంత పని చేసింది. అర్జీ తీసుకుని వాళ్లు దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. మా ఆవిడ బయటకు వచ్చి, "ఇప్పుడైనా చెప్పి ఉండాల్సింది" అంది. చెప్పలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు గురించి అందంగా రాయడానికి ఏమీ లేదు. పిరికివాడి సిగ్గు అది.

వేసవి వచ్చింది. కాలువ కట్టేశారు. నీళ్లు పోయి బురద ఎండి నెర్రెలిచ్చింది. లాకు తలుపులు అడుగుదాకా బయటపడ్డాయి. చట్రం దుంగలు ఇంకా గట్టిగా ఉన్నాయి గాని, వాటి మీద కొట్టిన పలకలు వేలితో పొడిస్తే రాలుతున్నాయి. గోడకు ఇటుకలు దిగాయి. సామాన్ల గది ముందు పేర్చారు. రోజూ పొద్దున్నే లేచి చూస్తే ఆ ఇటుకలు నన్ను చూస్తూ ఉండేవి. మేస్త్రీ వచ్చి ఎప్పుడు మొదలెడదామని అడిగితే రేపు, ఎల్లుండి అని తిప్పాను. ఇంట్లో అన్నం సహించదు. గట్టు మీద తిరిగి తిరిగి చెప్పులు అరగదీశాను.

అప్పుడు ఇంజనీరుగారు వచ్చారు. తంజావూరు వైపు మనిషి, తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటంలో కాస్త యాస. అర్జీ చేరిందని, స్వయంగా చూసిపోదామని వచ్చారు. లాకు రాతి గట్టు మీద కుర్చీ వేశాం. ఊరు ఊరంతా గట్టుకు ఇటూ అటూ నిలబడింది. షావుకారు ముందు ఉన్నాడు, నేతవాళ్ల పెద్ద ఆయన పక్కన.

ఇంజనీరుగారు ఫైలు విప్పి రెండు కాగితాలు తీసి, మోకాలి మీద పక్కపక్కన పెట్టుకున్నారు. చాలాసేపు చూశారు. తర్వాత వేలితో నన్ను పిలిచారు.

ఒకటి నా రిపోర్టు. రెండోది అర్జీ. సాపు రాయించలేదు. నేను రాసి ఇచ్చిన కాగితమే, కింద సంతకాలూ వేలిముద్రలూ పెట్టి, అలాగే పంపేశారు. అవే గుండ్రటి అక్షరాలు. బడిలో అందరూ మెచ్చుకున్న చేతిరాత.

"ఈ రిపోర్టు ఎవరిది?"

"నాదేనండి."

"ఈ అర్జీ?"

నేను షావుకారు వైపు చూశాను. ఆయన ఎండిన కాలువ అడుగున ఏదో పోయినట్టు అటే చూస్తున్నాడు. అడిగితే రాసిపెట్టానని, అందులోని మాటలు వాళ్లవేనని అంటే నేను బయటపడేవాణ్ణి. ఆ మాట నా నాలుక మీదికి వచ్చింది. నేతవాళ్ల పెద్ద అరిగిన వేళ్లు కనిపించాయి.

"అదీ నాదేనండి" అన్నాను.

"రెండిట్లో ఏది అబద్ధం?"

"లెక్క అబద్ధం కాదండి. కళ్లారా చూసిన పడవలే రాశాను. నెల తప్పండి. ఆషాఢంలో లెక్కపెట్టాను. ఆ నెల బట్టల పడవలు తిరగవు. తెలిశాక కూడా తమకు రాయలేదు. భయపడ్డాను."

"ఇన్ని నెలలుండగా ఆషాఢమే ఎందుకు?"

అప్పుడు నాకు భూమిలోకి దిగిపోదామనిపించింది. అయినా చెప్పాను. "కొత్తగా పెళ్లయిందండి. ఆ నెల మా ఆవిడ పుట్టింట్లో ఉంది. నాకు వేరే పని లేకపోయింది."

గట్టుకు ఆ చివర నుంచి ఈ చివరదాకా నవ్వులు. ఇంజనీరుగారు నవ్వలేదు.

"మా వైపు దాన్ని ఆడి మాసం అంటాం. నన్ను కూడా మామగారింటి గుమ్మం ఎక్కనివ్వలేదు" అన్నారు. "కాని నేను ఎవరి కాలువా మూయించలేదు. పెళ్లాం ఊళ్లో లేదని నువ్వు కాలువ మూయిస్తున్నావు." కాగితాలు మడిచారు. "వేరే లెక్క ఏమైనా ఉందా? ఎవరైనా రాసిపెట్టింది?"

నేను సామాన్ల గది వైపు చూపించాను. "ఆ గోడ మీద ఉండేదండి. లస్కరు ఏళ్ల తరబడి గీసుకున్న లెక్క. వచ్చిన రోజే నేను సున్నం కొట్టించాను."

ఆయన ఆ తెల్లగోడను, నన్ను మార్చి మార్చి చూశారు. కోప్పడితే బాగుండేది. నిట్టూర్చారు. చివరికి తేల్చింది ఇది. డిపార్టుమెంటు దగ్గర టేకు లేదు, యుద్ధం అయ్యేదాకా రాదు. ఊరివాళ్లు చెక్క తెచ్చుకుని తలుపులు బాగుచేయించుకుంటే, నీళ్లు వదిలిన రోజు పొద్దుటి నుంచి పొద్దు గుంకేదాకా ఆ తలుపులు నీళ్లను ఆపితే, లాకు ఉంటుంది. లేకపోతే కాలువ మళ్లీ కట్టించి గోడ లేపడమే. పని చూడవలసింది నేను. ఫలితం రాయవలసింది కూడా నేనే.

"ఈసారి నెల కూడా రాయి" అన్నారు కారు ఎక్కుతూ.

టేకు ఎక్కడిది? ఊళ్లో దూలాలున్న ఇళ్లున్నాయి గాని పైకప్పులు పీకలేం కదా. రెండు రోజులు అందరం తలలు పట్టుకున్నాం. మూడో రోజు పొద్దున షావుకారు ఎద్దుబండి గట్టెక్కింది. అందులో ఆయన కొట్టు పలకలు. అప్పట్లో కొట్లకు రెక్కల తలుపులుండేవి కావు. నిలువెత్తు టేకు పలకలు, గాడిలో ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి కొట్టు మూసేవారు. ఏది ఎక్కడ పట్టాలో తెలియడానికి ప్రతి పలక మీద తారుతో తెలుగు అంకె వేసి ఉండేది.

"మరి కొట్టు ఎట్టా మూస్తారండీ?" అని అడిగాను.

"తడక కట్టుకుంటా. పడవే రాకపోతే కొట్టు మూసినా ఒకటే, తీసినా ఒకటేగా."

అంత తేలిగ్గా మిగతావాళ్లు రాలేదు. రెండు కొట్ల మధ్య పాత కక్షలున్నాయి, ఫలానావాడు ఇస్తే నేనిస్తానన్నవాళ్లున్నారు. షావుకారు ఇంటింటికీ తిరిగాడు. తన కొట్టు ముందు తాటాకు తడక కట్టి, దాని ముందే కూర్చుని బేరాలు చేశాడు. ఆ తడక చూసి ఒక్కొక్కరే కదిలారు. కిరాణా కొట్టు పలకలు, రంగుల కొట్టువి, అద్దకం వాళ్లవి. తీరా వచ్చాక కొత్త తగువు. ఎవరి పలకలు వాళ్లవి వరసగా ఒకచోటే కొట్టాలట, రేపు ప్రభుత్వం టేకు పంపినప్పుడు ఊడదీసి తీసుకుపోవడానికి. పడవల వడ్రంగి తల అడ్డంగా ఊపాడు. పొడుగు, మందం ఏది ఎక్కడ సరిపోతే అక్కడే పట్టాలన్నాడు. నేను అందరి మీదా అరిచాను. అప్పటికే ఎవరి దగ్గరా దాచుకునే పరువు నాకు లేదు కాబట్టి అరవడం తేలికైంది. చివరికి బట్టల కొట్టు మూడు పక్కన కిరాణా కొట్టు ఏడు, దాని పక్కన రంగుల కొట్టు ఒకటి, అలా కూర్చున్నాయి.

పలకల మధ్య సందులు మిగిలాయి. పడవలకైతే పీచు, గుగ్గిలం కూరతారు. పీచు నీళ్లలో తొందరగా పోతుందని నేతవాళ్ల పెద్ద అన్నాడు. మగ్గం మీద బట్ట కోసేశాక మిగిలే కొసపోగులు ఉంటాయి, బెత్తెడు, జానెడు. కంట్రోలు రోజుల్లో వాటిని కూడా పారేసేవారు కాదు, ముడులేసి మళ్లీ వాడుకునేవారు. అవి ఇంటికి గుప్పెడు చొప్పున వచ్చాయి. ఆయన స్వయంగా తలుపు దగ్గర గొంతుక్కూర్చుని, ఆముదంలో కాచిన గుగ్గిలంలో ఆ పోగులు ముంచి, పేనుతూ, సందుల్లోకి ఉలితో దట్టించాడు. పక్కన ఆయన పెద్దకొడుకు కూడా కూర్చున్నాడు. మూటలు మోసి మొద్దుబారిన ఆ చేతులు సుత్తి దెబ్బకు బాగా పనికొచ్చాయి.

నీళ్లు వదిలిన రోజు నేను కూర్చోలేదు. అది మాత్రం బాగా గుర్తు. పొద్దున ఎర్రటి నీళ్లు నురగలు కక్కుతూ వచ్చి తలుపుల్ని తాకాయి. జానెడు, మూరెడు, నిలువెడు. ఊరంతా గట్టు మీదే. నేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తలుపు మీది సన్నని నడక పలక మీదుగా ఎన్నిసార్లు దాటానో తెలియదు. మధ్యాహ్నం ఒకచోట, కిరాణా కొట్టు ఏడో పలక అంచున, సన్నగా నీళ్లు చిమ్మాయి.

చూసింది నేను, లస్కరు. అతను నా మొహం చూశాడు. ఆ చిన్న ధారతో మునిగిపోయేది ఏమీ లేదు, రాయకపోతే ఎవరికీ తెలియదు. కాని నేను కేకేసి అందరికీ చూపించాను. నేతవాళ్ల పెద్దాయన పెద్దకొడుకు నడుముకు తాడు కట్టించుకుని దిగాడు. ముసలాయన పైనుంచి పోగుల పేట అందిస్తుంటే, నీళ్లు మొహాన కొడుతుండగా, వాడు ఒక్కో జానెడూ దట్టిస్తూ వచ్చాడు. ధార తగ్గింది, చుక్కలైంది, ఆగింది. పొద్దు గుంకేదాకా తలుపులు నిలిచాయి.

రిపోర్టు రాశాను. ఒక సందు కారిందని, ఎన్ని గంటలకు కారిందో, ఎవరు ఎలా ఆపారో, అన్నీ రాశాను. తేదీ కింద తెలుగు నెల కూడా వేశాను, జ్యేష్ఠం అని. పంపాక వారం రోజులు నాకు నిలకడ లేదు. మా ఆవిడ "ఇల్లంతా తొక్కి పాడుచేస్తున్నారు, కాసేపు పడుకోండి" అని కసిరేది. జవాబు వచ్చింది. లాకు ఉంచుకోవచ్చు. ఇటుకలు వేరే పనికి తరలించాలి. ఓవర్సీరుకు బదిలీ. కాలువ తోక చివర, ఉప్పుగాలి తగిలే చోటికి. పోనీ, ఉద్యోగమైతే తీయలేదు.

బయల్దేరేసరికి ఆషాఢం వచ్చేసింది. సామాను షావుకారు పడవలోనే ఎక్కించారు. నూలు బేళ్లేమీ లేవు, ఆ నెల ఏముంటాయి? మా ఆవిడ, రెండు ట్రంకు పెట్టెలు, నేను. లాకులోకి పడవ వచ్చింది, ఎగువ తలుపు మూసుకుంది. షావుకారు గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఇక ఎప్పుడు కలుస్తామో అని అడిగేశాను.

"షావుకారుగారూ, సాపు రాయించి పంపుతానన్నారు. మర్చిపోయారా?"

"మర్చిపోలేదు." ఆయన చుట్ట నోట్లోంచి తీశాడు. "లెక్క వేసింది తమరేనని లస్కరు చెప్పకపోయినా ఊరంతా చూసిందండి, గొడుగేసుకుని కూర్చోవడం. తమరి చేత్తో పోయింది, తమరి చేత్తోనే తిరిగి రావాలని ఊరుకున్నా. తమరు అర్జీ రాయనంటే మాత్రం మాకు ఇంకెక్కడికీ దారి లేదు. తమరే దిక్కు."

మా ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో తెలియలేదు. నాకు మాత్రం కళ్ల నీళ్లు తిరిగాయి.

నీళ్లు తగ్గుతున్నాయి. పడవ మెల్లగా కిందికి దిగుతుంటే, ఎదురుగా దిగువ తలుపు తడి పలకలు ఒక్కొక్క జానెడే బయటపడ్డాయి. వాటి మీద తారు అంకెలు. మూడు, ఏడు, ఒకటి, నాలుగు, మళ్లీ ఒకటి. ఏ కొట్టుదో ఏ అంకో ఇక ఎవరూ విడదీయలేరు. ఊళ్లో ఆ కొట్లన్నిటికీ తాటాకు తడకలే ఉన్నాయని గుర్తొచ్చింది. ప్రభుత్వం టేకు ఆ యుద్ధంలో రాలేదు, ఆ తర్వాత నాకు తెలిసిన చాలా ఏళ్లలో కూడా రాలేదు.

లస్కరు దిగువ తలుపు తెరిచాడు. తర్వాత సామాన్ల గది దగ్గరికి నడిచాడు. నడుముకు దోపుకున్న బొగ్గు ముక్క తీశాడు. నా వంక ఒకసారి చూశాడు.

"గియ్యమంటారా బాబుగారూ?"

"గియ్యి" అన్నాను.

ఆ తెల్లటి గోడ మీద నిలువుగా ఒక గీత గీశాడు. ఆషాఢంలో ఆ రోజుకు దాటిన పడవ అదొక్కటే. అందులో సరుకు నేనే.